గోడ మీద సూప్ డబ్బా బొమ్మ, అమ్మకి ఏం చెప్పాలి?

ఎడిసన్ పిల్ల: మేం న్యూజెర్సీలో ఉంటాం అండి. పోయిన నెల న్యూయార్క్ మోమా మ్యూజియంలో అమెరికన్ ఆర్టిస్ట్ ఆండీ వార్హోల్ గీసిన క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బాలు చూసి, వస్తూ వస్తూ షాపులో పోస్టర్ కొనుక్కొచ్చి హాల్లో తగిలించా. అమ్మ తెనాలి నుంచి దిగిన రోజే "ఏడుకొండలవాడి పటం లేదు గానీ టమాటా డబ్బా బొమ్మ పెట్టావేంటే, కొట్టువాడు ఊరికే ఇచ్చాడా" అంది. ఆర్ట్ అమ్మా అన్నాను, అందులో ఏముందే అంటే నోరు పెగల్లేదు. నిజంగా అర్థం ఏమైనా ఉందా, పెద్ద పేరు కాబట్టి తలూపుతున్నామా?

గోంగూర 82: అమ్మగారికి నా ఓటు 😀

పాత కాయితం: నవ్వుకోండి గానీ, 1962లో లాస్ ఏంజిలిస్‌లో మొదటిసారి పెట్టినప్పుడు అక్కడి వాళ్ళూ మీ అమ్మగారి లాగే నవ్వారు, పక్క గ్యాలరీవాడైతే నిజం డబ్బాలే పేర్చి మా దగ్గర చవక అన్నాడు. అప్పుడు 32 రకాల సూపులకి 32 బొమ్మలు, ఒక్కోటి 100 డాలర్లు. ఇంకోటి, మోమాలో మీరు చూసినవి ప్రింట్లు కావు, చేత్తో వేసినవే, మిషన్ మీద కొట్టినట్టు కనిపించాలని కష్టపడి వేశాడు. నాకు మాత్రం వార్హోల్ వాళ్ళమ్మ సంగతి ముఖ్యం. ఇప్పటి స్లొవేకియా వైపు నుంచి పిట్స్‌బర్గ్ వచ్చిన పేద కుటుంబం, ఆవిడ ఖాళీ డబ్బాలు కత్తిరించి పూలు చేసి అమ్మేది. కొడుకేమో ఇరవై ఏళ్ళు రోజూ మధ్యాహ్నం అదే సూపు తాగానని చెప్పుకున్నాడు. అంటే ఆ డబ్బా వాళ్ళింటి వంటింట్లోదే కదా, ఎక్కడో ఆకాశం నుంచి తెచ్చింది కాదు.

బెజవాడ శుభలేఖలు: ప్రింట్ల సంగతి నేను చెప్తా, మా పనే అది. 1968లో 10 డబ్బాల సెట్టు కాయితం మీద కొట్టించాడు, 250 కాపీలు, అదంతా మేం పెళ్ళికార్డులకి కొట్టే సిల్క్ స్క్రీన్ పద్ధతే. ఫ్రేముకి మెష్ (సన్నటి వల) బిగించి ఎమల్షన్ (లైట్ తగిలితే గట్టిపడే పూత) పూసి, బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి లైట్ కొట్టి నీళ్ళతో కడిగితే బొమ్మ ఉన్నచోట మెష్ తెరుచుకుంటుంది, పైన ఇంకు పోసి స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో లాగడమే, రంగుకో స్క్రీన్. కాకపోతే ఆయన మార్లిన్ మన్రో బొమ్మల్లో రంగు పక్కకి జరిగినా అలాగే వదిలేశాడు, దాన్నే గొప్పంటారు. మా దగ్గర వరుడి పేరు మీద అర మిల్లీమీటర్ జరిగితే కట్ట మొత్తం వెనక్కొస్తుంది, అడ్వాన్సు కూడా అడుగుతారు.

తాతగారి మనవడు: అక్కా, అమ్మని డాల్డా డబ్బా గుర్తుందా అని అడగండి. పసుపు డబ్బా, ఆకుపచ్చ చెట్టు బొమ్మ. మా ఇంట్లో అందులో వనస్పతి అయిపోయాక బియ్యం కొలిచారు, తుప్పు పట్టాక తులసి వేశారు, మధ్యలో పొలం వైపు చెంబుగా కూడా వెళ్ళొచ్చింది, ఆ ముక్క ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. దాన్ని ఎవరైనా ప్రింట్ కొట్టి అమ్మితే నేను కొంటా, సూప్ డబ్బా మాత్రం కొనను, అది వాళ్ళ వంటిల్లు.

ఎడిసన్ పిల్ల: అమ్మకి అన్నీ చదివి వినిపించా. డాల్డా అనగానే గంట సేపు మా నాయనమ్మ మీద కంప్లయింట్లే, మూత కూడా పారెయ్యనిచ్చేది కాదట. పొద్దున చూస్తే నిన్నటి టమాటా డబ్బా కడిగి కిటికీలో పెట్టి మెంతులు చల్లింది. పోస్టర్ మాత్రం తిరుపతి పటం వచ్చేదాకానే అంది.