పాడుబడిన మానసిక ఆసుపత్రుల మీద ఇంత ఆసక్తి ఎందుకు? గ్రేస్టోన్ గురించి ఒక ప్రశ్న

ప్రశ్న (పార్సిపనీ నుంచి)

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని పార్సిపనీలో పదిహేనేళ్ళకు పైగా ఉంటున్నాము. మా ఇంటికి కారులో పది నిమిషాల దూరంలో గ్రేస్టోన్ పార్క్ మానసిక చికిత్సాలయం పాత భవనం ఉండేది. 2008లో పక్కనే కొత్త ఆసుపత్రి కట్టి రోగులను అక్కడికి మార్చారు. ఏడేళ్ళు ఖాళీగా ఉన్న ఆ రాతి భవనాన్ని 2015లో కూల్చివేశారు. అది నిలిచి ఉన్నంత కాలం దాన్ని చూడకుండా ఆ దారిన వెళ్ళలేకపోయేవాణ్ణి. కుర్రవాళ్ళు దొంగచాటుగా ఇటువంటి భవనాల్లోకి వెళ్ళి తీసిన వీడియోలను, పెచ్చులూడిన రంగు ఎండుటాకుల్లా నేలంతా పరుచుకున్న ఆ పొడవైన నడవాలను, ఇప్పటికీ రాత్రి పొద్దుపోయేదాకా చూస్తుంటాను.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఎవరైనా కాస్త వింతగా ప్రవర్తిస్తే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనేవాళ్ళం. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, అయినా ఈ శిథిలాల మీద ఆసక్తి మాత్రం తగ్గడం లేదు. అంత పెద్ద భవనాలు అసలు ఎందుకు కట్టారు, ఎందుకు ఖాళీ అయ్యాయి, వాటిని ఇలా చూడాలనుకోవడంలో తప్పేమైనా ఉందా అన్నది తెలిసినవారు వివరిస్తారని ఆశిస్తున్నాను.

జవాబు 1 (వాస్తుశిల్పం బోధించే ఉపాధ్యాయుడు)

మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. ఫిలడెల్ఫియాకు చెందిన థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్ అనే వైద్యుడు, మనసు చెదిరిన మనిషికి మంచి గాలి, వెలుతురు, నిశ్శబ్దం, చేతికి పని దొరికితే సగం జబ్బు నయమవుతుందని మనసారా నమ్మి, అటువంటి ఆసుపత్రిని ఎలా కట్టాలో 1854లో ఒక పుస్తకంగా రాశారు. ఆయన లెక్కలో భవనమే మందు. నడుమ కార్యాలయం, దానికి రెండు వైపులా ఒకదాని కంటే ఒకటి కాస్త వెనక్కి జరిగిన రెక్కలు ఉంటాయి. అలా జరపడం వల్ల ప్రతి వార్డుకూ ఎదురెదురు కిటికీలు పడి, గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపుకు పోతుంది. మీరు వీడియోల్లో చూసే ఆ పొడవైన నడవాలు రోగులు వానాకాలంలోనూ చలికాలంలోనూ తిరగడానికి ఉద్దేశించినవి. ఒక్క ఆసుపత్రిలో 250 మందికి మించకూడదని కూడా ఆయన గట్టిగా చెప్పారు.

అంతకు ముందు ఈ రోగులు ఉన్నది జైళ్ళలోనూ, బీదల వసతి గృహాల నేలమాళిగల్లోనూ. డొరోథియా డిక్స్ అనే సంఘ సంస్కర్త ఊరూరా తిరిగి ఆ దుస్థితిని చట్టసభల ముందు పెట్టిన ఫలితంగానే న్యూజెర్సీకి 1848లో ట్రెంటన్ ఆసుపత్రి వచ్చింది. అది కిక్కిరిసిపోవడంతో శామ్యూల్ స్లోన్ రూపకల్పనలో గ్రేస్టోన్ కట్టి 1876లో తెరిచారు. అక్కడికి మొదట వచ్చినవారు 292 మంది. 1953 నాటికి ఆ ఆవరణలో 7,600 మందికి పైగా ఉన్నారు. కర్క్‌బ్రైడ్ పద్ధతి ఓడిపోయిందని రాసేవారితో నేను ఏకీభవించను. ఆయన చెప్పిన సంఖ్యకు ఎన్నో రెట్ల మందిని కుక్కిన తరువాత అక్కడ ఆయన పద్ధతి మిగల్లేదు.

జవాబు 2 (న్యూయార్క్ రాష్ట్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సైకియాట్రిక్ నర్సు)

మాస్టారు కట్టడం గురించి చెప్పారు కాబట్టి ఖాళీ కావడం గురించి నేను చెబుతాను. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రులలో సుమారు 5,59,000 మంది ఉండేవారు. అంతకు ముందు సంవత్సరమే తీవ్రమైన మానసిక జబ్బులకు క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వచ్చింది. మందు వల్లనే ఆసుపత్రులు ఖాళీ అయ్యాయని చాలామంది అంటారు కానీ, అది సగం నిజమే. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన చట్టం ప్రకారం రోగులకు సొంత ఊళ్ళలోనే చికిత్సా కేంద్రాలు రావాలి, కానీ అనుకున్నన్ని రాలేదు. 1965లో బీదలకు వైద్య ఖర్చులు భరించే ప్రభుత్వ పథకం మెడికెయిడ్ మొదలైనప్పుడు, మానసిక ఆసుపత్రులలో ఉండే 65 ఏళ్ళ లోపు వారి ఖర్చులో కేంద్రం వాటా ఇవ్వనన్నది. దాంతో రోగిని బయటికి పంపితేనే రాష్ట్రానికి డబ్బు మిగిలే పరిస్థితి వచ్చింది. ఆ పరిస్థితుల్లో బయటికి వచ్చి చివరికి ఫుట్‌పాత్ మీదికి చేరినవారిని నేను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను.

న్యూయార్క్ రాష్ట్రంలోనే సెనెకా సరస్సు ఒడ్డున విల్లార్డ్ మానసిక ఆసుపత్రి ఉండేది. 1869లో అక్కడికి వచ్చిన మొదటి రోగి మేరీ రోట్‌ను అంతకు ముందు పదేళ్ళు ఒక బీదల గృహంలో గొలుసులతో కట్టి ఉంచారు. 1995లో ఆసుపత్రి మూసేటప్పుడు ఒక భవనం అటక మీద సుమారు 400 సూట్‌కేసులు దొరికాయి. రోగులు చేరిన రోజున తమతో తెచ్చుకున్న ఫోటోలు, ఉత్తరాలు, బట్టలు, కుట్టుసామాను ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి ఇప్పుడు న్యూయార్క్ స్టేట్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడి శ్మశానంలో 5,700 మందికి పైగా ఉన్నారు. సమాధుల మీద వేసినవి పేర్లు కావు, అంకెలు. వాటిలో సుమారు 1,500 గోతులు తవ్వింది లారెన్స్ మోకా అనే రోగి. ఆయన 1968లో, 90 ఏళ్ళ వయసులో చనిపోతే ఆయన సమాధికీ పేరు లేదు. 2015లో ఆయన పేరుతో అక్కడ ఒక రాయి నిలిపారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి: ఆసుపత్రి మూతపడిన ఆ ఏడాదే అదే ఆవరణలో రాష్ట్ర జైళ్ళ శాఖ మత్తుమందుల కేసుల ఖైదీలకు ఒక కేంద్రం తెరిచింది. కాబట్టి శిథిలాలను చూడండి బాబూ, అందులో తప్పు లేదు. కానీ దయ్యాల పేరు చెప్పి టికెట్లు అమ్మేచోటికి మాత్రం వెళ్ళవద్దు. వాళ్ళు దయ్యాలంటున్నది నేను అన్నం తినిపించినటువంటి మనుషులనే.

జవాబు 3

నర్సమ్మ గారి మాట నిజమే, కానీ కుతూహలాన్ని నేను మరికొంచెం వెనకేసుకొస్తాను. ఫిలిప్ బ్యూలర్ అనే ఫోటోగ్రాఫర్ గ్రేస్టోన్‌లోకి మొదట వెళ్ళింది శిథిలాల ఫోటోలకే. జానపద గాయకుడు వుడీ గథ్రీ మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బుతో 1956 నుంచి 1961 దాకా గడిపింది అక్కడే అని తెలిశాక, గథ్రీ కుటుంబంతో కలిసి ఆ అయిదేళ్ళను పుస్తకంగా తెచ్చారు. పిల్లలను వార్డులోకి రానిచ్చేవారు కాదు. అందుకని ఆదివారాలు గథ్రీ బయటికి వస్తే పచ్చికలో ఒక చెట్టు దగ్గర అందరూ కలుసుకునేవారు, పిల్లలు ఆ చెట్టెక్కి ఆడుకునేవారు. ఇంత చిన్న సంగతి మనదాకా వచ్చిందంటే ఆ కుతూహలం చలవే కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సూట్‌కేసుల సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నగారి మేనత్త ఒకావిడను ఒక మానసిక ఆసుపత్రిలో చేర్చి, తిరిగి ఇంటికి తీసుకురాలేదని చిన్నప్పుడు పెద్దవాళ్ళు గుసగుసలాడుకోగా విన్నాను. ఆవిడ ట్రంకుపెట్టె ఊళ్ళో మా అటక మీద ఉండేది. మూత మీద తెల్లరంగుతో ఆవిడ పేరు, లోపల రెండు నేతచీరలు, ఒక కుంకుమభరిణె. పొద్దున్నే అమ్మకు ఫోన్ చేసి అడిగాను. పెట్టె ఇంకా ఉందట, బియ్యం పోసుకుంటున్నారట, తుప్పు పట్టిందని వచ్చే నెలలో రంగు వేయిద్దామనుకుంటున్నారట. మూత మీద వేయించవద్దని చెప్పాను.