యూపీఐకి ఛార్జీ వేస్తే ఎవరి దగ్గర తియ్యాలి?

పర్లాకిమిడి కొట్టు

మాది ఒడిశాలో పర్లాకిమిడి. నాన్న పెట్టిన కిరాణా కొట్టు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా గిరాకీలో సగం అటునుంచే వస్తాది. నోట్ల రద్దు నాటికి మా కొట్లో యూపీఐ అంటే ఏటో ఎవరికీ తెలీదు. ఇప్పుడు గల్లాలో పడేదాని కంటే ఫోన్లో పడేదే ఎక్కువ.

దసరాకి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. చెల్లింపుల యాప్‌లో ఉద్యోగం. పంచదార బస్తా మీద కూర్చుని, "మావయ్యా, ఇన్నాళ్ళూ ఉచితంగా వాడుకున్నారు, ఇంక ఛార్జీ తప్పదు, సర్వర్లు ఊరికే తిరగవు" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఉచితం అని ఎవరన్నారు?

డబ్బులు పడితే పలికే సౌండ్ బాక్స్‌కి నెలకి 125 రూపాయలు కోసుకుంటున్నారు. పెట్టిన కుర్రోడు దాన్ని హిందీలో పెట్టి పోయాడు. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్తే అమ్మ కూర్చుంటాది. అమ్మకి తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, కొండ మీద నుంచి వచ్చే సవరలతో వాళ్ళ మాటలు నాలుగు కూడా ఆడతాది. హిందీ మాత్రం రాదు. ఒకరోజు ఎవరో 200 రూపాయల సరుకు తీసుకుని 20 కొట్టారు. పెట్టె "బీస్ రూపయే" అంది. పెట్టె పలికింది, డబ్బులు పడ్డాయి అనుకుంది అమ్మ. రాత్రి లెక్క చూసుకుంటే 180 తక్కువ. తనవల్లే పోయిందని అమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు.

భాష మార్చమని ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అనే గొంతే. మనిషి దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ తర్వాత బ్యాటరీ పోయి పెట్టె రెండు నెలలు మూలన పడుంది. 125 కోత మాత్రం ఆగలేదు.

అందుకే అడుగుతున్నాను. నిజంగా ఛార్జీ వేస్తే ఎవరి దగ్గర తియ్యాలి? నాలాంటోడి దగ్గర తీస్తే బదులుగా నాకు ఏం దొరకాలి? మీలో ఈ పనిలో ఉన్నవాళ్ళు ఉన్నారని తెలుసు. మెత్తగా చెప్పక్కర్లేదు.

బరంపురం నుంచి హైదరాబాద్

మెత్తగా వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. మీ మేనల్లుడు చెప్పింది నిజం. మీ కోపం సౌండ్ బాక్స్ కంపెనీ మీద, దాన్ని తెచ్చి యూపీఐకి అంటగడుతున్నారు.

2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర పైసా తీసుకోకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. కార్డు గీకితే వ్యాపారి దగ్గర కోసుకునే ఛార్జీని ఎండీఆర్ అంటారు, అది దీనికి సున్నా. మరి పని ఆగుతుందా? మీ గిరాకీ పాతికకి బిస్కెట్లు కొని స్కాన్ చేస్తే, అది ఆయన యాప్ నుంచి ఆ యాప్ వెనకున్న బ్యాంకుకి, అక్కణ్ణుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి వెళ్తుంది. ఎన్‌పీసీఐ ఆయన బ్యాంకుని అడిగి డబ్బు తీయిస్తుంది, మీ బ్యాంకులో వేయిస్తుంది, మళ్ళీ అందరికీ జవాబు పంపుతుంది. పాతికకైనా, పాతిక వేలకైనా అదే పని. ఒక్క 2025 ఆగస్టులోనే ఇలాంటివి 2,000 కోట్లు దాటాయి. దీనికి ప్రభుత్వం 2024-25కి ఇస్తానన్నది 1,500 కోట్ల రూపాయలు. అంతకుముందు ఏడాది ఇచ్చింది దీనికి రెట్టింపు పైనే.

ఇంకోటి. ఉచితం వల్లే ఇద్దరి చేతిలో చిక్కుకున్నాం. 2025లో ఫోన్‌పే, గూగుల్ పే కలిపితే లావాదేవీల్లో నూటికి 80 పైన. ఒకదాని వెనక వాల్‌మార్ట్, ఇంకోటి గూగుల్‌ది. ఒక్కో యాప్‌కి 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది. గడువు జరిపి జరిపి 2026 డిసెంబర్ చివరికి తెచ్చింది. ఆదాయమే లేని వ్యాపారంలోకి మూడోవాడు ఎందుకొస్తాడు? స్వదేశీ అని ఉపన్యాసాలిచ్చే పార్టీలన్నీ దీని మీద నోరు మెదపవు.

సిరొంచ ఎరువుల దుకాణం

మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. హైదరాబాద్ తమ్మీ, నువ్వు పైసల లెక్క మంచిగ చెప్పినవ్, అసలు భయం చెప్పలే. కొట్టోనికి ఛార్జీ కన్న నోటీసంటేనే ఎక్కువ దడ.

2025 జులైల కర్ణాటకల ఏమైంది? పన్నుల శాఖోళ్ళు యూపీఐ లెక్కలు తెప్పించి వేల మంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపిన్రు. హావేరిల కూరగాయలు అమ్మేటోనికి 29 లక్షలు కట్టుమని వచ్చింది. కూరగాయల మీద పన్నే లేదు గదా! బెంగళూరుల దుకాణాల ముంగట యూపీఐ లేదు, నగదే అని బోర్డులు పెట్టిన్రు. దేశం మొత్తానికి టెక్నాలజీ నేర్పే ఊళ్ళె గట్లయింది. లొల్లి అయినంక ముఖ్యమంత్రి పాత బకాయిలు వసూలు చెయ్యం అని చెప్పిండు. ముందుగాల స్కాన్ చెయ్యమని అలవాటు చేసి, అలవాటైనంక అదే కాయితం పట్టుకొని వచ్చుడు ఏం న్యాయం? నేను 500 దాటితే నగదే తీసుకుంట.

పర్లాకిమిడి కొట్టు

అన్నా, కూరగాయల వాడికి నోటీసు పంపడం అన్యాయమే. కానీ నగదే తీసుకుంటాను అన్నమాట దగ్గర మీతో కలవను. సరుకు అమ్మేవాడికి ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. దాటితే చేయించుకోవాలి, అంతే. నేను చేయించుకున్నాను. పక్క కొట్టువాడు దాచుకుని రూపాయి తగ్గించి అమ్మితే నా గిరాకీ పోతాది. అదెవరు చూస్తారు?

బరంపురం బాబూ, నీకు నా లెక్క చెప్తాను. ఐదు లీటర్ల నూనె క్యాన్ 750కి అమ్మితే నాకు మిగిలేది 15. పెద్ద వ్యాపారుల మీద 0.3 శాతం వెయ్యమని చెల్లింపుల కంపెనీల సంఘం అడిగిందని పేపర్లో చదివాను. అది రేపు నాదాకా వస్తే 750 మీద రెండూపావలా. నా 15లోంచి పోవాలి. అంటే లాభంలో ఏడో వంతు! గిరాకీ దగ్గర తీద్దామంటే ఆమె పాతపట్నం నుంచి రావడం మానేస్తాది, అక్కడ కొట్లు లేవేటి? ఛార్జీ వార్తలు నిరాధారం అని ఆర్థిక శాఖ 2025 జూన్‌లో చెప్పింది. రెండు నెలలు తిరక్కుండా రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే అన్నారు. మాలాంటోళ్ళం ఏ మాట నమ్మాలి?

మాల్స్ దగ్గర తియ్యండి, విమానం టికెట్లు అమ్మేవాళ్ళ దగ్గర తియ్యండి, నాకేం బాధ లేదు. రోడ్డు మీద లారీకి టోలు తీసినట్టు తియ్యండి. సైకిలు మీద పాలవాడికి టోలు లేదు కదా.

గుణుపురం మినీ బ్యాంకు

మీరంతా ఛార్జీ దగ్గరే ఆగిపోయారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళ గొడవ వేరు. ఖాతాలో కట్ అయింది, కొట్లో పడలేదు. మా రాయగడ జిల్లాలో కూలి డబ్బుల్లోంచి 300 అలా పోతే ఆ మనిషి పూట గడవదు.

2025 మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ ఎందుకు ఆగిందో తెలుసా? ఏప్రిల్‌ది ఎన్‌పీసీఐనే చూసి చెప్పింది: కొన్ని బ్యాంకులు "ఆ లావాదేవీ ఏమైంది, ఏమైంది" అని అడిగిందే అడుగుతూ దాని మీద పడ్డాయి. ఆగస్టు నుంచి కట్టడి పెట్టారు. ఒక యాప్‌లో బ్యాలెన్స్ చూడ్డం రోజుకి 50 సార్లే.

పర్లాకిమిడి అన్నయ్యా, మీకు పనికొచ్చేది రెండు చెప్తాను. గిరాకీ ఖాతాలో కట్ అయి మీకు ఖాయమని రాకపోతే ఐదు రోజుల్లో వాళ్ళ డబ్బు వెనక్కి వెళ్ళాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు, అడక్కుండానే ఇవ్వాలి. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. బ్యాంకుకి రాసి 30 రోజులు చూసినా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోన్ 14448. రెండోది, మీ పెట్టె అద్దె ఆటోపే మీద, అంటే నెలనెలా దానంతటదే కట్ అయ్యేలా, పోతుంటే యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అక్కడ మీరే ఆపొచ్చు. కంపెనీని బతిమాలక్కర్లేదు.

బరంపురం నుంచి హైదరాబాద్

టోలు పోలిక ఒప్పుకుంటాను. కానీ చిన్న కొట్టుకి గీత ఎక్కడ గీస్తారు? 40 లక్షల దగ్గరా? అప్పుడు 39 దగ్గర ఆగి రెండో క్యూఆర్ తమ్ముడి పేరున పెట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. నన్నడిగితే ఛార్జీ కొంచెమైనా అందరికీ ఉండాలి. ఉంటేనే రేపు మీరు గట్టిగా నిలదీయగలరు.

పర్లాకిమిడి కొట్టు

ఈ పెట్టెకి నెలనెలా కట్టాను కదా బాబూ, నిలదీస్తే ఏమైంది? పదకొండు రోజులు ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ముందు డబ్బులిస్తే తర్వాత జవాబు చెప్తాం అంటే ఇంక నమ్మను. ముందు జవాబు చెప్పే మనిషిని పెట్టండి, ఒడియాలోనో తెలుగులోనో మాట్లాడేవాణ్ణి, అప్పుడు పైసా సంగతి చూద్దాం. గీత ఎక్కడ గీయాలో నాకూ పూర్తిగా తెగలేదు. రెండో క్యూఆర్ సంగతి నువ్వన్నది నిజమే, మా బజార్లోనే ఉన్నారు.

గుణుపురం తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు ఇప్పుడే చూశాను. ఆటోపే లిస్టులో మా పెట్టె ఉంది, తర్వాతి కోత 5వ తేదీ. ఆపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడాదిన్నరగా ఒక్కడూ చెప్పలేదు నాకు, మా మేనల్లుడితో సహా. పెట్టె ఇంకా మూలనే ఉంది. తీసుకెళ్ళేవాడు వచ్చేదాకా దాని మీద బస్తా పెట్టొద్దని అమ్మకి చెప్పాను, పగిలితే దాని డబ్బులూ మన దగ్గరే అడుగుతారు.