గోధుమ అలర్జీ పిల్లలకు ఓరల్ ఇమ్యునోథెరపీ: చేయించాలా, ఆగాలా?

బెజవాడ అమ్మ: మా బాబుకి అయిదేళ్ళు. చపాతీ ముక్క తిన్నా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. ఒకసారి ఆస్పత్రిలో అడ్రినలిన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. రోజూ చిటికెడు గోధుమతో మొదలుపెట్టి మోతాదు పెంచుకుంటూ పోయే ఈ ఓరల్ ఇమ్యునోథెరపీ వైద్యం చేయిద్దామని మా ఆయన అంటున్నారు. అన్నం తినే ఇంట్లో గోధుమ లేకపోతే ఏమైందని మా అత్తగారు. మీరేమంటారు?

డాలస్ నాన్న: చేయించండమ్మా. మానేయడం అనుకున్నంత తేలిక కాదు. ఇంగువ డబ్బా మీద చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. ఇక పెళ్ళిభోజనంలో పులిహోరని, సాంబారుని ఏం నమ్ముతారు? మా పాపకి ఇక్కడ ఇప్పిస్తున్నాం. చపాతీలు తినాలని కాదు, పొరపాటున నోట్లో పడితే ప్రాణం మీదికి రాకూడదని.

మణికొండ: పొరపాటున తగిలేదానికి భయపడి రోజూ తెలిసి తెలిసి పెట్టడమా అన్నా? 2019లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 46 మంది ఉన్నారు. తక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో సగం పైచిలుకు ఏడాదికల్లా 4.4 గ్రాముల గోధుమ ప్రోటీన్ తట్టుకున్నారు, ప్లసీబో, అంటే ఉత్తుత్తి మందు, తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ తట్టుకోలేదు. బాగానే ఉంది. కానీ రెండేళ్ళయ్యాక 8-10 వారాలు ఆపి చూస్తే ఆ రక్షణ 13 శాతం మందిలోనే మిగిలింది. అంటే ఆపకుండా తినిపిస్తూనే ఉండాలి. జ్వరమొచ్చినా, డోసు తిన్నాక పరిగెత్తినా, నిన్న పడిన డోసే ఇవాళ పడకపోవచ్చు. అయిదేళ్ళవాణ్ణి రోజూ కదలకుండా కూర్చోబెట్టగలరా? పైగా ఈ అలర్జీ చాలామందికి దానంతటదే పోతుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి వాళ్ళు 2009లో ఇచ్చిన లెక్క 12 ఏళ్ళ వయసుకి 65 శాతం.

డాలస్ నాన్న: రక్తపరీక్షలో గోధుమ ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) బాగా ఎక్కువున్న పిల్లలకి తగ్గడం ఆలస్యమైందని అందులోనే ఉంది, అది వదిలేశారు. జపాన్‌లో 2015 నాటి అధ్యయనం చూడండి. అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే రియాక్షన్, వచ్చిన పిల్లలే, 18 మందిలో 16 మంది తట్టుకోగలిగారు. రెండేళ్ళకి 11 మంది కొన్నాళ్ళు ఆపి తిన్నా ఏం కాలేదు.

మణికొండ: వాళ్ళని ఆస్పత్రిలో చేర్చుకుని మొదలుపెట్టారు. మనకి అలా ఎక్కడ?

వరంగల్ పిల్లల డాక్టర్: ఇద్దరి అంకెలూ సరైనవే. వేరుశనగ అలర్జీకి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మందుకి అనుమతిచ్చింది, గోధుమకి అలాంటిది లేదు. అందుకే ఎవరి మోతాదు పద్ధతి వాళ్ళది. యూట్యూబ్ చూసి ఇంట్లో మాత్రం వద్దు. మోతాదు ముందే నింపి ఉండే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఇక్కడ సులువుగా దొరకదు. అర్ధరాత్రి యాంపూల్ (మందు ఉన్న గాజు బుడ్డి) పగలగొట్టి, బరువుని బట్టి సిరంజిలోకి తీసి తొడకి ఇవ్వడం ఇంట్లో ఎవరికి వచ్చు? బాబుకి ఆస్తమా ఉందామ్మా?

బెజవాడ అమ్మ: ఉందండి. ఇన్‌హేలర్ వాడుతున్నాం. రాత్రుళ్ళు దగ్గు వస్తూనే ఉంది.

వరంగల్ పిల్లల డాక్టర్: అయితే ముందు దాని సంగతి చూడండి. అది అదుపులోకి రాకుండా ఎవరు మొదలుపెడతామన్నా ఒప్పుకోవద్దు, మీవారు టెన్షన్ పడినా సరే.