9-2తో గెలిస్తే బాగా ఆడినట్టేనా?

ప్రశ్న: ప్రో నైన్-బాల్ (పూల్ బల్లపై తొమ్మిది బంతుల ఆట) చూస్తున్నాను. స్కోరు చూసి ఆటగాణ్ణి అంచనా వేయొచ్చా?

జవాబు 1: ముందు బ్రేక్ పద్ధతి చూడండి, అంటే ప్రతి ర్యాక్‌లో (ఒక్కో గేమ్‌లో) బంతులు చెదరగొట్టే మొదటి షాట్ ఎవరిది అన్నది. విన్నర్ బ్రేక్‌లో (గెలిచినవాడే మళ్లీ బ్రేక్ చేస్తాడు) ఒకడు వరసగా నాలుగు ర్యాకులు ఊడ్చేస్తే అవతలివాడు కుర్చీ దిగడు, అందులో అతని తప్పేమీ లేకపోవచ్చు. ఆల్టర్నేట్ బ్రేక్‌లో (ఒకరి తర్వాత ఒకరు బ్రేక్ చేస్తారు) 9-2 వేరే సంగతి: 11 ర్యాకుల్లో ఓడినవాడికి కనీసం 5 బ్రేకులు వచ్చాయి, గెలిచింది రెండే. అన్నట్టు, అందులో 8-8 అయితే 17వ ర్యాక్ బ్రేక్ లాగ్ (మొదటి బ్రేక్ ఎవరిదో తేల్చే షాట్) గెలిచి మొదట బ్రేక్ చేసినవాడిదే. లాగ్‌ని తేలిగ్గా తీసుకోకండి.

జవాబు 2: అక్యు-స్టాట్స్ అనే పూల్ గణాంకాల సంస్థ వాళ్ల టీపీఏ (మొత్తం ఆటతీరు సగటు) లెక్కేయండి. పాకెట్లలో వేసిన బంతులను, బంతులు ప్లస్ తప్పుల మొత్తంతో భాగించాలి. 72 బంతులు, 8 తప్పులైతే 72/80, అంటే 0.900, చాలా మంచి ఆట. మిస్ ఒక్కటే తప్పు కాదండోయ్. పొజిషన్ చెడటం (తెల్లబంతి తర్వాతి షాట్‌కి వీలైన చోట ఆగకపోవడం), సేఫ్టీ (అవతలివాడికి షాట్ లేకుండా చేసే ఎత్తు) ఆడి షాట్ వదిలేయడం, బ్రేక్‌లో స్క్రాచ్ (తెల్లబంతి పాకెట్లో పడటం) కూడా లెక్కే. చాలామంది పొజిషన్ తప్పులు వదిలేసి అంకె పెంచేస్తారు.

జవాబు 3: 9 బంతులు, 1 తప్పు కూడా 0.900 గదా! ఎన్ని బంతులో చెప్పకుండా టీపీఏ చెప్పడం దండగ. ఆటగాళ్ల స్థాయిని అంకెల్లో చెప్పే ఫార్గో రేటింగ్‌లో 100 పాయింట్ల తేడా ఉంటే ర్యాకులు సుమారు 2:1గా పడతాయి. అయినా యూరప్, అమెరికా జట్ల మధ్య జరిగే మోస్కోనీ కప్‌లోలా రేస్ టు 5 (ముందు 5 ర్యాకులు గెలిచినవాడిదే మ్యాచ్) పెడితే తక్కువ రేటింగ్‌వాడు కూడా గట్టెక్కొచ్చు.