రాయి సముద్రంల ఉన్నది, రికార్డు మాత్రం పొలం అంటున్నది – ఏం జేయాలె?

రోవర్‌తమ్ముడు, మిర్యాలగూడ:
అన్నలకు నమస్తే. ఆర్నెల్ల సంది కాకినాడ దిక్కు ఉప్పాడ ఒడ్డున ఒక కాంట్రాక్టరు కింద రోవర్ (శాటిలైట్లతోని జాగ కొలిచే యంత్రం) పట్టుకొని తిరుగుతున్న. పాత ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పుస్తకం) కొలతలను ఇప్పటి శాటిలైట్ పాయింట్లకు కలిపి కొత్త నక్షా చేసుడు మా పని. నిన్న ఒక సర్వే నంబరుకు పోయినం, కాయితం మీద నాలుగు మూలలకు నాలుగు రాళ్లు, నేల మీద రెండే దొరికినయి, ఒకటి తాటిచెట్టు మొదట్ల సగం పూడుకుపోయి ఉన్నది, ఇంకోటి కొబ్బరితోట ఫెన్సింగు కింద. తూర్పు దిక్కు రెండిటికి పోదామంటే స్క్రీన్ మీద బాణం సీదా నీళ్లలకే చూపెడుతున్నది, మోకాళ్ల లోతు దాక పోయి నిలబడ్డ, ఇంకా 40 మీటర్లు అంటున్నది! ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయన నవ్వి "అక్కడ మా సరుగుడు తోట ఉండేదండి" అన్నడు.

మా సూపర్‌వైజర్ ఏమో దొరికిన రెండు రాళ్లకు నక్షా కూసోబెట్టి మిగిలింది ఇప్పటి ఒడ్డు దాక కత్తిరించుమంటున్నడు. ఎకరా 60 సెంట్ల పట్టా, కత్తిరిస్తే ఎకరం గూడ రాదు. పైగ ఆ రెండు రాళ్ల మధ్య ఎఫ్‌ఎంబీల 412 లింకులు రాసి ఉంటే నాకు 83.60 మీటర్లు వస్తున్నది. ఏది నమ్మాలె?

పాతగొలుసు, నల్లగొండ:
తమ్మీ, లింకు అంటే పాత సర్వే గొలుసుల ఒక కడి, 20.1168 సెంటీమీటర్లు, 412 లింకులు 82.88 మీటర్లు అయితది, నీకు 72 సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. గొలుసు సాగుతది, మిట్ట పల్లాల మీద వంగుతది, ఆ కాలపు కొలతల తేడా ఉండుడు మామూలే, కని ఇంత దూరానికి ఇంత తేడా అంటే నేనైతే ముందుగల రాయినే అనుమానిస్త. రెండు రాళ్లకు కూసోబెడితే ఏ నక్షా అయినా కూసుంటది, తిప్పి, సాగదీసి అతికిస్తది, తప్పు ఎక్కడుందో కనబడదు. మూడోది, నాలుగోది కావాలె. సముద్రం దిక్కు చూడకు, ఎనక్కి నడువు. ట్రైజంక్షన్ రాయి (మూడు హద్దులు కలిసే తాన ఉండేది), పక్క సర్వే నంబర్ల మూలలు, పాత దిగుడుబావి, గుడి, ఏది జరగలేదో అది పట్టుకో.

మా దేవరకొండ దిక్కు ఒక చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) పంచాయితీ గిట్లనే వచ్చింది. నీళ్లు తగ్గినప్పుడల్లా గెట్టు ముందుకు జరిగింది, టిప్పన్‌ల (మా దిక్కు పాత కొలతల నక్షా) ఉన్న రాళ్లల్ల ఒక్కటి లేదు. ఆఖరికి తూము దొరికింది. రాతి తూమును ఎవడూ ఎత్తుకపోడు గద, అక్కడి నుంచి గొలుసు లెక్క పట్టినం. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, మూడు గుంటల కోసం ఎనిమిదేండ్లు కొట్లాడిండ్రు అన్నదమ్ములు.

పాలమూరు_జీఐఎస్:
పాతగొలుసు అన్న చెప్పింది కరెక్టే, ఇంకొకటి చూసుకో. స్క్రీన్ మీద వచ్చేది గ్రిడ్ దూరమా (మ్యాపు మీది లెక్క) నేల దూరమా? యూటీఎంల (భూమిని జోన్లుగా కోసి మీటర్లల్ల గీసే మ్యాపు గ్రిడ్) జోన్ నడిమి రేఖ మీద స్కేలు 0.9996, కాకినాడ దగ్గర కిలోమీటరుకు 15-20 సెంటీమీటర్లు గ్రిడ్ దూరం తక్కువ పడతది, 83 మీటర్లకు ఒకటి రెండు సెంటీమీటర్లే, అందుకని నీ 72 దీనివల్ల కాదు. కని ఊరి నక్షాను పాత టోపోషీటు (సర్కారు సర్వే మ్యాపు) మీద కూసోబెట్టినోళ్లు ఎవరో కనుక్కో. 2005 మ్యాప్ పాలసీ తర్వాత వచ్చినయి డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే భూమి ఆకారం లెక్క), అంతకు ముందటివి ఎవరెస్ట్ గోళం (పాత భూమి ఆకారం లెక్క) మీదివి, అది మార్చకుండ కలిపితే మీటర్లు కాదు, వంద మీటర్ల పైనే పక్కకు పోతది. మా పాలమూరుల ఇంకో తిప్పలు, జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖ మా నెత్తి మీది నుంచే పోతది, నారాయణపేట జోన్ 43, జడ్చర్ల జోన్ 44. ఒకే ఫైల్ల రెండు ఏసి తలకాయ పట్టుకున్నోళ్లను చూసిన.

ఒడ్డులేనూరు:
ఇప్పటి ఒడ్డు అంటే ఏ పూటది అన్నా? పొద్దున పోటుకు ఒక తాన, మధ్యాహ్నం ఆటుకు ఒక తాన. సీఆర్‌జెడ్‌ల (సముద్ర తీరం కట్టుబాట్ల జోన్) 500 మీటర్లు లెక్కబెట్టేది హైటైడ్ లైన్ (పోటు నీళ్లు ఎక్కే గీత) నుంచి, దానికి వేరే మ్యాపులుంటయి, నీ మోకాలు తడిసిన లైను కాదు. రోవర్ ఎత్తు చూసి కూడ గీయకు, అది ఎలిప్సాయిడ్ ఎత్తు (లెక్కల గోళం నుంచి కొలిచేది, సముద్ర మట్టం నుంచి కాదు), ఒడ్డున నిలబడితే పదుల మీటర్లు మైనస్ చూపిస్తది. పాత హద్దు ఒక లేయర్‌ల ఉన్నదున్నట్టు పెట్టు, సముద్రం కోసిన భాగం ఇంకో లేయర్‌ల తేదీ, టైమ్ ఏసి పెట్టు. పట్టా తగ్గించుడు రెవెన్యూ పని, నీది కొలుసుడే. అదే కాకినాడ ముందు హోప్ ఐలాండ్ గోదావరి మేటతోని లేచింది, కోత ఒక తాన, మేట ఒక తాన. పాత గీత తుడిచేస్తే రేపు మేట ఏస్తే దేనితోని పోలుస్తరు?

రోవర్‌తమ్ముడు:
నాలుగు రోజుల తర్వాత వస్తున్న, సారీ. ట్రైజంక్షన్ రాయి దొరికింది, పక్క నంబర్ల పాత బావి గట్టు కూడ. ఆ రెండిటికి తాటిచెట్టు రాయి 10 సెంటీమీటర్ల లోపల కలిసింది, కొబ్బరితోట రాయి ఒక్కటే కలుస్తలేదు. తోటాయన్ను అడిగితే మొదలు ఏమీ తెల్వదన్నడు, తర్వాత చాయ్ తాపిచ్చి చెప్పిండు, ఫెన్సింగు ఏసేటప్పుడు జేసీబీ తగిలి రాయి లేచిందట, మళ్ల పాతిండ్రట. సముద్రంల రెండు పాయింట్లు కూడ కొంచెం పక్కకు జరిగినయి, వాటికి "రాయి లేదు, నీళ్లలో" అని రాసి పాత హద్దు లేయర్‌లనే ఉంచిన. సూపర్‌వైజర్ ఇంకా సంతకం పెట్టలే.