అప్‌డేట్: స్మిర్నోవ్ ఇంటిపేరు సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, మా తమ్ముడు రష్యాలోని యారొస్లావ్ల్‌లో మెడిసిన్ చదువుతున్నాడు, వాళ్ళ అటెండెన్స్ షీట్‌లో ఇద్దరు స్మిర్నోవ్‌లు, ఒక స్మిర్నోవా, హాస్టల్‌లో ఇంకో ఆవిడ, అంతా ఒకే కుటుంబమా అని. సాయం చేసిన అందరికీ థాంక్స్.

వాడు వాళ్ళ రష్యన్ టీచరమ్మనే అడిగేశాడు. ఆవిడ ముందు నవ్వేసిందంట, ఈ ఊళ్ళో రాయి విసిరితే స్మిర్నోవ్‌కే తగులుద్ది అని. చుట్టరికం ఏమీ లేదు. "స్మిర్ని" అంటే నెమ్మదస్తుడు, అణకువ గలవాడు. పూర్వం గొడవ చెయ్యని పిల్లాడికి స్మిర్నోయ్ అని పేరు పెట్టేవాళ్ళు, వాడి సంతానం స్మిర్నోవ్, ఆడవాళ్ళకైతే చివర "ఆ" చేరి స్మిర్నోవా. వాళ్ళ మిలిటరీలో అటెన్షన్ చెప్పడానికి "స్మీర్నో!" అని అరుస్తారంట, అదీ ఇదే మాట, కదలకుండా నిలబడమని.

అంటే ఇక్కడ "మారుపేరు నుంచి వచ్చుంటుంది" అన్నవాళ్ళదే కరెక్ట్. నేను పట్టుకున్న స్మిర్నా పట్నం (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) థియరీ దండగ, స్మిర్నాఫ్ వోడ్కా బ్రాండ్ కూడా మూలం కాదు, అది స్మిర్నోవ్ అనే వ్యాపారి పేరే, చివర్లో స్పెల్లింగ్ (-off) మాత్రం పాత ఫ్రెంచ్ పద్ధతి.

ఎంతమంది అంటే, 2005లో జన్యు పరిశోధకులు వేసిన 250 ఇంటిపేర్ల లిస్టులో ఇదే ఫస్ట్, ఇవనోవ్ రెండోది. కాకపోతే 1910 నాటి పీటర్స్‌బర్గ్ డైరెక్టరీలో ఇవనోవే ముందు. యారొస్లావ్ల్, కోస్త్రొమా వైపు, వోల్గా నది ఎగువ ప్రాంతంలో స్మిర్నోవ్‌లు మరీ ఎక్కువ, మావాడు సరిగ్గా అక్కడే పడ్డాడు.