ఆటిజం ఉన్న బాబుతో ఇంట్లో తెలుగు మానేయమంటున్నారు, మానేయాలా?

కూకట్‌పల్లి_అమ్మ
అందరికీ నమస్కారం. మా బాబుకి మూడున్నరేళ్ళు, ఈమధ్యే ఆటిజం అని తేల్చారు. ఇంగ్లీషులో రంగులు, అంకెలు, ఏబీసీడీలు గడగడా చెప్పేస్తాడు, యూట్యూబ్‌లో చూసిన రైమ్స్ అన్నీ వచ్చు, కానీ ఆకలేస్తే అడగడు, నన్ను అమ్మా అని పిలవడు. నీళ్ళు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. థెరపీ సెంటర్లో మేడమ్ గారు ఇంట్లో తెలుగు పూర్తిగా ఆపేయండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు, స్కూలు ఎలాగూ ఇంగ్లీషే కదా అన్నారు. మావారు సరే అనేశారు. మా అత్తగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, పగలంతా వాడు ఆవిడ దగ్గరే ఉంటాడు. నేను మాట్లాడితే పిల్లాడికి మాటలు రావేమోనని ఆవిడ వాడితో మాట్లాడటమే మానేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా తెలుగు మానేయాలా?

ఒంగోలు_రాజు
మానేయండమ్మా. మా పాపకీ ఇదే చెప్పారు, మానేశాం. ఇప్పుడు ఒకటో తరగతి, కావాల్సింది ఇంగ్లీషులో అడుగుతుంది, టీచర్ చెప్పింది చాలావరకు అర్థం చేసుకుంటుంది. అసలు మాటలే రాని పిల్లల్ని రెండు పడవల మీద నిలబెట్టడం ఎందుకు? ముందు ఒక భాష రానివ్వండి, తెలుగు ఎక్కడికీ పోదు, తర్వాతైనా నేర్పుకోవచ్చు. భాష మీద అభిమానం నాకూ ఉంది, కానీ స్కూల్లో సీటు ఇచ్చేటప్పుడు తెలుగులో ఎవరూ అడగరు. పిల్లాడి భవిష్యత్తు చూసుకోండి.

విశాఖ_స్పీచ్
నేను స్పీచ్ థెరపిస్టుని, ఇలాంటి పిల్లలతోనే రోజూ నా పని. అమ్మా, మానేయకండి. రాజుగారూ, మీ పాప మాట్లాడుతున్నందుకు నిజంగా సంతోషం, ఇప్పుడు సాగుతున్నదాన్ని మీరు మార్చాలని నేను అనను. కానీ తెలుగు ఆపడం వల్లే మాటలు వచ్చాయని ఎలా చెప్పగలం? ఆ సమయంలోనే థెరపీ నడిచింది, వయసు పెరిగింది, ఇంట్లో మీరందరూ పాప మీద దృష్టి పెట్టారు. వీటిలో ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం కష్టం.

రెండు భాషలతో కన్‌ఫ్యూజన్ అనే మాట చాలాకాలంగా నడుస్తోంది గానీ, దాన్ని పరీక్షించి చూసినప్పుడు నిలబడలేదు. 2012లో కెనడాలోని మాంట్రియల్‌లో హాంబ్లీ, ఫోంబోన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటిజం ఉన్న 75 మంది పిల్లల్ని పరిశీలించారు. ఇంట్లో రెండు భాషలు వింటున్నవాళ్ళకి, ఒకే భాష వింటున్నవాళ్ళ కంటే అదనంగా ఆలస్యమేమీ కనిపించలేదు. అదే ఏడు వాంకూవర్‌లో, చైనీస్ ఇంగ్లీషు రెండూ వింటున్న 14 మందిని, ఇంగ్లీషు ఒక్కటే వింటున్న మరో 14 మందితో పోల్చారు. ఆ రెండు భాషల పిల్లలు ఇంగ్లీషు మాటల్లో కూడా వెనకబడలేదు. ఇవి చిన్న అధ్యయనాలే, అన్ని సందేహాలూ వీటితో తీరిపోతాయని నేను చెప్పను. కానీ అవతలి వైపు, అంటే ఇంటి భాష ఆపేస్తే మాటలు త్వరగా వస్తాయని చూపించిన అధ్యయనం మాత్రం నాకు ఇంతవరకు ఎక్కడా కనిపించలేదు. అలాంటప్పుడు ఒక కుటుంబాన్ని తన భాష మానుకోమనడం చాలా పెద్ద మాట.

ఇంకో సంగతి. మీ బాబుకి ఇంగ్లీషులో రంగులు, అంకెలు వస్తున్నాయి. వాడికి మాటలు ఉన్నాయి, ఆ మాటతో ఎదుటి మనిషి చేత ఒక పని చేయించుకోవచ్చన్నది ఇంకా అందలేదు. చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తున్నాడు చూశారా, అసలు సంభాషణ అక్కడ మొదలైంది. అది ముందుకు సాగాలంటే వాడి పక్కన తడుముకోకుండా, కోపం వచ్చినా ముద్దొచ్చినా అదే భాషలో మాట్లాడే మనిషి ఉండాలి. రాని ఇంగ్లీషులో మాట్లాడితే మనం 'కమ్, సిట్, ఈట్, నో' దగ్గరే ఆగిపోతాం. ఇక మీ అత్తగారు నోరు మూసుకుని కూర్చుంటే, పగలంతా వాడి చెవిన పడేది టీవీ ఒక్కటే. ఆవిడని ఈరోజే మళ్ళీ మాట్లాడమనండి.

న్యూజెర్సీ_నాన్న
మేడమ్, మీరు చెప్పింది వినడానికి బాగుంది, మా ఇంట్లో మాత్రం కథ వేరు. మేమిద్దరం తెలుగే మాట్లాడతాం, ఏ రోజూ ఆపలేదు. మావాడు మాత్రం తెలుగుకి తల కూడా తిప్పడు, ఐప్యాడ్‌లో విన్న ఇంగ్లీషే మాట్లాడతాడు, అదీ అదే యాసలో. ట్యునీషియాలో ఇలాంటి పిల్లల గురించే రాశారు, 2019లో కిస్సీన్ అనే ఆయన బృందం అనుకుంటా. ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథిక అరబిక్‌ని ఆటిజం ఉన్న కొందరు పిల్లలు టీవీ చూసి పట్టుకున్నారట. మరి పిల్లాడే ఒక భాష ఎంచుకున్నప్పుడు మనం ఆ భాషలోకి వెళ్ళాలా, వాడిని మన భాషలోకి లాక్కురావాలా? తెలుగు మా కోసమా, వాడి కోసమా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

తెనాలి_బుజ్జమ్మ
నాకు చదువులు తెలియవు బాబూ, మా మనవడి సంగతి చెప్తాను. చక్రాలు పోసిన స్టీలు డబ్బా మూత గట్టిగా బిగించి వాడి ముందు పెట్టేదాన్ని. నా వేళ్ళు పట్టుకుని మూత మీద పెట్టేవాడు. నేను "తియ్యి" అని, వాడి మొహం చూస్తూ కాసేపు ఆగి, అప్పుడు తీసేదాన్ని. ఒక్క చక్రం ఇచ్చి మళ్ళీ మూత పెట్టేదాన్ని. అడిగితేనే పెడతానని ఏడిపించలేదు, అన్నా అనకపోయినా ఇచ్చేదాన్ని. కొన్నాళ్ళకి "తీ" అన్నాడు. తర్వాత తలుపు దగ్గర తీ, చొక్కా గుండీ దగ్గర తీ, ఆఖరికి ఫ్యాను వేయమనడానికీ తీ. మా అల్లుడు ఓపెన్ అని నేర్పిస్తున్నాడు, అదీ అంటాడు. నేనుంటే తీ అంటాడు, వాళ్ళ నాన్నుంటే ఓపెన్ అంటాడు.

విశాఖ_స్పీచ్
బుజ్జమ్మగారూ, మా సెషన్లలో మేం నేర్పడానికి తంటాలు పడేది ఇదేనండి. ముఖ్యంగా ఆ ఆగడం. మన ఇళ్ళల్లో పిల్లాడు నోరు తెరిచేలోపే నలుగురు నాలుగుసార్లు చెప్పేస్తారు.

న్యూజెర్సీ నాన్నగారూ, మీ ప్రశ్న న్యాయమైనది. బాబు నోటి నుంచి వచ్చిన మాట ఏ భాషలో ఉన్నా తీసుకోండి. 'వాటర్' అంటే నీళ్ళు ఇవ్వండి, తెలుగులో అడిగితేనే ఇస్తానని ఆపకండి. ఇచ్చేటప్పుడు మాత్రం "నీళ్ళు, చల్లటి నీళ్ళు" అని మీ మాట మీరు అనండి. వాడు ఐప్యాడ్‌లో దేన్ని చూస్తే అక్కడికి వెళ్ళి పక్కన కూర్చోండి. అందులో బస్సు వెళ్తుంటే దాని గురించి తెలుగులో రెండు ముక్కలు, అంతే, ప్రశ్నలు వేయకండి. తెలుగు వాడి కోసమా అన్నారు. రేపు అమ్మమ్మ వచ్చినప్పుడు, నలుగురు కలిసి కూర్చున్నప్పుడు అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో వాడికి కొంతైనా అందాలి కదా. మాట్లాడకపోయినా అర్థమైతే చాలు, అదీ భాషే. ఇంకోటి, మీ అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ చట్టం ప్రకారం, వీలుకాని పరిస్థితి అయితే తప్ప, స్కూలు వాళ్ళు పిల్లాడి సొంత భాషలో అంచనా వేయాలి. తెలుగు తెలిసినవాళ్ళని పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

ఒంగోలు_రాజు
మేడమ్ గారూ, మాంట్రియల్, వాంకూవర్ సరే. ఇక్కడ సంగతి చూడండి. థెరపీ ఇంగ్లీషులో, కార్డులు ఇంగ్లీషులో, స్కూలు ఇంగ్లీషులో, గంటకింతని మేం కట్టుకునేవాళ్ళం. సెంటర్లో ఒకటి, ఇంట్లో ఇంకొకటి నేర్పితే ఆ డబ్బుకి ఫలితం ఏది? ఈ బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో నొక్కితే మాట్లాడే యాప్‌లు కూడా ఇస్తున్నారు, వాటికి అలవాటైతే ఇక నోరే విప్పరని మా బంధువొకాయన అంటున్నాడు. అదైనా నిజమేనా?

విశాఖ_స్పీచ్
అది నిజం కాదు. ఇలాంటి సాధనాలు వాడినవాళ్ళ మీద వచ్చిన అధ్యయనాలని 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ సమీక్షించారు. అందులో గట్టి ఆధారం ఉన్నవి 27 కేసులు. వాటిలో 89 శాతం మందికి నోటి మాట పెరిగింది, మిగతావాళ్ళకి మార్పు లేదు, తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. చాలామందిలో పెరిగింది కొద్దిగానే, అదీ చెప్పాలి. మూడున్నరేళ్ళ పిల్లాడికి బొమ్మ చూపించి అడగడం వస్తే సగం ఏడుపులు తగ్గుతాయి, ఇంట్లో అందరికీ ఊపిరి ఆడుతుంది. బొమ్మ కింద పేరు తెలుగులో రాసుకోవచ్చు, సొంత గొంతు రికార్డు చేసుకునే వీలున్న యాప్ అయితే నానమ్మ గొంతే పెట్టొచ్చు.

డబ్బు గురించి మీరన్నది ఎంతమాత్రం తేలిక కాదు, ఆ బాధ నాకు తెలుసు. అందుకే అంటున్నా. వారంలో సెంటర్లో గడిపేది కొన్ని గంటలు, మిగతాదంతా ఇల్లే. ఆ ఇంట్లో జరిగే స్నానం, అన్నం, గుడికెళ్ళడం అన్నీ తెలుగులో నడుస్తుంటే, సెంటర్ లక్ష్యాల్ని ఇంటి భాషలోకి తేవడం థెరపిస్టు బాధ్యత. మన ఊళ్ళల్లో థెరపిస్టులు చాలామంది తెలుగువాళ్ళమే, అడిగితే చేస్తాం. కట్టుకోలేనివాళ్ళు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే ఎదుగుదల సమస్యలున్న చిన్నపిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రం, ఉంటే వెళ్ళండి. హైదరాబాద్ వాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రెండో అభిప్రాయానికి వెళ్ళొచ్చు.

ఒంగోలు_రాజు
కార్డుల సంగతి ఒప్పుకుంటున్నా. స్కూలు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, మాకు పనిచేసింది నేను చెప్పాను.

కూకట్‌పల్లి_అమ్మ
అందరికీ థాంక్స్. మా అత్తగారికి బుజ్జమ్మగారి పోస్టు చదివి వినిపించాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, వెంటనే వాడిని ఒళ్ళోకి తీసుకున్నారు. సెంటర్ మేడమ్‌తో రేపు మాట్లాడతాను. ఒక్క సందేహం. "నీళ్ళు కావాలా?" అని నేనడిగితే వాడూ "నీళ్ళు కావాలా" అనే అంటాడు, కావాలి అనడు. ఇది ఆపించాలా?

విశాఖ_స్పీచ్
ఆపించకండి, వాడు అడుగుతున్నాడు, మీరన్న ముక్కనే వాడుకుని అడుగుతున్నాడు. ఇలా తిరిగి అనడానికి అర్థం ఉంటుందని ప్రిజాంట్ అనే ఆయన 1980ల మొదట్లోనే చూపించారు. మీరు ప్రశ్న మార్చి, వాడు ఏమనాలో అది అనండి. గ్లాసు చేతిలో పట్టుకుని "నీళ్ళు కావాలి" అనండి, ఇచ్చేయండి. మొదట్లో పేర్ల కంటే పని జరిపించే మాటలు ఎక్కువ వినిపించండి: ఇవ్వు, తియ్యి, రా, పద, ఇంకా, అయిపోయింది, వద్దు. "వద్దు" అన్నప్పుడు, తల పక్కకు తిప్పుకున్నా సరే, వీలైనంతవరకు ఆ పని ఆపండి, వాడి మాటకి విలువుందని తెలియాలి. ఇంతవరకు చేయించకపోతే చెవి పరీక్ష, బెరా, తప్పకుండా చేయించండి, రైమ్స్ పాడుతున్నాడు కదా వినపడుతుందిలే అని వదిలేయకండి. రేపు మేడమ్ గారు ఇంగ్లీషే అని పట్టుబడితే, ఈ నెల లక్ష్యాలు ఏమిటో కాగితం మీద రాసిమ్మని, వాటినే ఇంట్లో తెలుగులో ఎలా చేయాలో చూపించమని అడగండి. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తాను.